రంగుల చాటున రేఖలు: పరారుణ కాంతి, మన చెన్నపురి చిత్రకళ

ఇటువంటి సంచికలలో మనవారు సాధారణంగా వ్రాసే విషయాలు కొన్ని ఉన్నవి. తంజావూరి నాయకరాజుల సాహిత్య పోషణ, త్యాగరాజస్వామి కృతులలోని తెలుగు నుడికారం, చెన్నపట్నంలో తెలుగు పత్రికల పుట్టుక మొదలైనవి ఎన్నిమార్లు వ్రాసినా తరగని గనులు. వాటిని విడిచి, కంటికి కనబడని ఒక కాంతిని గూర్చి, ఆ కాంతితో చిత్రపటాలను పరీక్షించే పద్ధతిని గూర్చి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చును. అయినా మన ఇళ్ళ గోడలమీద వేలాడుతున్న పటాలకు ఈ విషయంతో నేరుగా సంబంధమున్నది. చిత్రమంటే ఏది, పైకి కనబడేదా, లోపల దాగినదా అన్న ప్రశ్న కూడ ఇందులో ఇమిడి ఉన్నది. దానికి నాకు తోచిన సమాధానం శాస్త్రజ్ఞులకు కొంత, కళాభిమానులకు కొంత నచ్చకపోవచ్చును. ఆ సంగతి చివరకు వస్తాను.

1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఆ రంగుల పట్టీలో ఏ రంగు దగ్గర ఎంత వేడి ఉన్నదో ఉష్ణమాపకాలతో కొలుస్తూ ఉండెను. ఎరుపు రంగుకు అవతల, ఏ రంగూ లేని చోట ఉంచిన ఉష్ణమాపకమే అన్నిటికన్న ఎక్కువ వేడిని చూపినది. ఎరుపునకు అవతలిది గనుక దానికి పరారుణమని మనవారు పేరు పెట్టుకొన్నారు. మన కంటికి తెలిసే కాంతి సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం కలది. చిత్రపరీక్షకు పనికివచ్చే పరారుణ కాంతి ఆ హద్దు దాటిన తరువాత సుమారు 2500 నానోమీటర్ల వరకు వ్యాపించి ఉన్నది. దీనిని నమ్మడానికి ప్రయోగశాలకు పోనక్కరలేదు. టెలివిజను రిమోటు కొసను సెల్‌ఫోను కెమేరా ముందు పెట్టి మీట నొక్కితే, కంటికి చీకటిగా ఉన్న ఆ చిన్న దీపం తెరమీద తెల్లగా మెరుస్తుంది. కొన్ని ఫోనులలో మెరవదు. ఆ కాంతిని ఆపే అద్దం వాటిలో దట్టంగా అమర్చి ఉంటారు. ఆ అద్దాన్ని తీసివేసి, మామూలు వెలుగును ఆపే మరొక అద్దాన్ని బిగించిన కెమేరాయే చిత్రపరీక్షకుని మొదటి పనిముట్టు.

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దవలసి ఉన్నది. జ్వరం వచ్చినవారిని ఎర్రగా, పచ్చగా చూపే ఉష్ణచిత్రణ కెమేరాలను మనం విమానాశ్రయాలలో చూచి ఉన్నాము. అవి కూడ పరారుణాన్నే వాడుతవి గాని, అది చాల దూరపు పరారుణం, వస్తువు తన వేడివల్ల తానే వెలువరించేది. గోడకు వేసిన చిత్రం వెనుక గార ఉబ్బి ఊడుతున్నదా, చెమ్మ ఎక్కడ పట్టినది అని తెలుసుకోవడానికి అది మంచి సాధనం. పటం మీద ఒక గాజుపలక ఉంటే చాలు, దానికి గాజు తప్ప ఏమీ కనబడదు. నేను చెప్పబోయేది ఎరుపునకు ఆనుకొని ఉన్న సమీప పరారుణం. అది గాజులోనుండి పోతుంది, పలుచని రంగుపొరలలోనుండి కూడ పోతుంది.

ఎట్లు పోతుంది? చిత్రకారుడు కాన్వాసు మీద తెల్లని పూత పూసి, దానిమీద బొగ్గుతోనో పెన్సిలుతోనో నల్లసిరాతోనో గీతలు గీసికొని, ఆపైన రంగు వేస్తాడు. మన కంటికి అడ్డుపడే రంగుపొర పరారుణ కాంతికి అంతగా అడ్డుపడదు. ఆ కాంతి రంగును దాటి, అడుగునున్న తెల్లని పూతను తాకి, తిరిగి వస్తుంది. బొగ్గు, పెన్సిలు, దీపపుమసి సిరా మాత్రం కర్బన పదార్థాలు గనుక ఆ కాంతిని మింగివేస్తవి. అందుచేత తెల్లని నేలమీద నల్లని గీతలవలె తొలిరేఖలు బయటపడతవి. ఎర్రమట్టి కణికతో గీసిన గీతలు ఇట్లు కనబడవు. కొన్ని రకాల పాతసిరాలు కూడ పరారుణంలో మాయమైపోతవి. బాల్‌పాయింటు కలముల నీలిసిరా సంగతీ చాలవరకు ఇంతే. కనుక పరారుణ చిత్రంలో గీత కనబడకపోయినంత మాత్రాన గీత లేదని చెప్పరాదు. పత్రికలవారు ఈ మాటను తరచు మరచిపోతారు.

1930ల నుండియే ఫోటో ఫిల్ముతో ఈ పని చేసేవారు. ఆ ఫిల్ము సుమారు 900 నానోమీటర్ల దగ్గర ఆగిపోయేది. 1960లలో వాన్ ఆస్పెరన్ ద బూర్ అనే డచ్చి భౌతిక శాస్త్రజ్ఞుడు, ఇంకా దూరపు తరంగాలను పట్టగల టెలివిజను గొట్టాన్ని వాడి, ఫిల్ముకు లొంగని రంగుల క్రిందికి కూడ చూడగలిగినాడు. నేటి ఇండియం గాలియం ఆర్సెనైడు కెమేరాలు 900 మొదలు 1700 వరకు చూస్తున్నవి.

ఈ కాంతికి మరొక ఉపయోగం ఉన్నది. మన కంటికి ఒకే నీలంగా తోచే రంగులు దాని ముందు విడిపోతవి. నీలిమందు పరారుణంలో తెల్లబడుతుంది. అల్ట్రామెరీను నీలం కూడ అంతే. ప్రష్యన్ నీలం మాత్రం నల్లగానే నిలుస్తుంది. నేటి డబ్బారంగులలో విరివిగా వాడే థాలోసయనిన్ నీలం, పైకి ఎంత చిక్కగా ఉన్నా, పరారుణానికి దారి ఇచ్చి తెల్లబడుతుంది. ఒక పటంలో నీలిరంగు ఆకాశం అంతా ఒకటిగానే కనబడుతూ, పరారుణంలో ఒక మూల మాత్రం వేరుగా కనబడినదంటే, ఆ మూలను తరువాత ఎవరో మరొక రంగుతో దిద్దినారని అనుమానించవచ్చును. అనుమానం వరకే. అది ఏ రంగో పేరుపెట్టి చెప్పడానికి వేరు పరీక్షలు కావలెను. వాటిలో ఒకటి మన నగరంలోని ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొన్న సి. వి. రామన్ గారు 1928లో కనుగొన్న కాంతి పరిక్షేపణ సూత్రంమీదనే ఆధారపడి ఉన్నది.

మన నగరానికి ఈ విద్యతో చుట్టరికం నేటిది కాదు. ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో 1930లో రసాయన సంరక్షణ ప్రయోగశాల ఏర్పడినది. కంచు విగ్రహాలకు పట్టిన చిలుమును విద్యుత్ప్రవాహంతో వదిలించే పనితో అది మొదలైనది. అందులో పనిచేసిన ఎస్. పరమశివన్ గారు తంజావూరు బృహదీశ్వరాలయపు కుడ్యచిత్రాల గారను, రంగులను, అంటుపదార్థాలను పరీక్షించి వ్రాసిన వ్యాసాలు మన దేశంలో ఈ శాస్త్రానికి తొలి పాఠాలు. తరువాతి కాలంలో కల్పాక్కం అణుపరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులు ఇదే మ్యూజియపు కంచు విగ్రహాలను గాయపరచకుండ పరీక్షించే పద్ధతులతో పరిశీలించినారు.

తంజావూరి సంగతి కొంచెం నిలిచి చెప్పుకోవలసినది. ఆ ఆలయపు గర్భగృహం చుట్టూ ఉన్న చీకటి ప్రదక్షిణ మార్గంలో, గోడలమీద పదునేడవ శతాబ్దినాటి నాయకరాజుల కాలపు చిత్రాలు ఉండేవి. 1931లో అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్. కె. గోవిందస్వామి గారు ఆ పైపొర పెచ్చులూడిన చోట్ల అడుగున మరొక చిత్రం ఉన్నదని గుర్తించినారు. అవి పదునొకండవ శతాబ్దపు ఆరంభంనాటి చోళ చిత్రాలు. లోకం వాటిని చూచి మురిసినది, మురియదగినవే. కాని ఆ పైపొర వేయించినది ఎవరు? తెలుగును ఆస్థాన భాషగా చేసి, యక్షగానాలను వ్రాయించి, తామే వ్రాసిన మన నాయకరాజుల కాలపువారు. చోళచిత్రం వెలుగు చూడవలెనంటే నాయకచిత్రం గోడనుండి తొలగవలసి వచ్చినది. మొదట్లో పైపొర కొంత రాలిపోయినది. తరువాతి కాలంలో పురావస్తు శాఖవారు మెలకువతో దానిని పొరగా విప్పి వేరు పలకలమీద నిలిపే పద్ధతిని సాధించినారు. పరారుణ కాంతికి అంత దట్టమైన గారపొరను దాటే శక్తి లేదు. ఉన్నా, గోడను విప్పక చూచి తృప్తిపడి ఉండేవారా అన్నది సందేహమే. ఒక పొరను చూడడానికి మరొక పొరను బలిపెట్టే హక్కు మనకు ఎంతవరకు ఉన్నదన్న వివాదం అక్కడే, మన ముంగిటనే, మొదలైనదని గుర్తుంచుకొంటే చాలు.

ఇప్పుడు ఆధునిక చిత్రకళకు వస్తాను. 1850లో డాక్టరు అలెగ్జాండరు హంటరు స్థాపించిన మద్రాసు చిత్రకళాశాలకు 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌదరి గారు అధిపతి అయినారు. విజయనగరపు అంట్యాకుల పైడిరాజు గారి వంటివారు ఆయన శిష్యులు. 1957లో ఆ పదవికి వచ్చిన కె. సి. ఎస్. పణిక్కర్ గారు 1966లో ఇంజంబాక్కంలో సముద్రపు టొడ్డున చోళమండల చిత్రకారుల గ్రామాన్ని నెలకొల్పినారు. బట్టలమీద బాతిక్ అద్దకం మొదలైన చేతిపనులతో పొట్టపోసికొంటూ, మిగిలిన కాలాన్ని తమ చిత్రాలకు వెచ్చించిన సమాజమది. ఆ కూటమిలోనివారే మన రెడ్డెప్ప నాయుడు గారు. గుడివాడలో పుట్టి, పణిక్కర్ వద్ద చదివి, లండనుకు, అటుపై చికాగోకు తరలిన ఎస్. వి. రామారావు గారూ ఈ నీడన పెరిగినవారే. కళాక్షేత్రంలో చిత్రకళ బోధించిన కె. శ్రీనివాసులు గారి పటాలలో లేపాక్షి గోడల కనులు, కొండపల్లి బొమ్మల రంగులు మనకు పలకరింపుగా కనబడతవి.

మద్రాసు చిత్రకారుల ప్రత్యేకత రేఖ అని విమర్శకులు ఏనాటినుండో అంటున్నారు. నిజమే. అయితే ఆ రేఖ ఎక్కడ ఉన్నది అని అడిగినవారు తక్కువ. పాశ్చాత్య ప్రాచీన చిత్రాలలో రేఖ రంగు క్రింద దాగి ఉంటుంది. అందుచేతనే పరారుణ పరీక్ష అక్కడ అంత పండినది. మనవారి పటాలలో రేఖ రంగుమీదనే కూర్చుని ఉంటుంది. పణిక్కర్ గారు 1963 ప్రాంతంనుండి వేసిన ‘మాటలు, సంకేతాలు’ చిత్రాలలో జాతకచక్రాలవంటి గళ్ళు, గణితపు గుర్తులు, మలయాళ లిపివలె తోచి చదువబోతే చిక్కని అక్షరాలు పటమంతా పరచుకొని ఉంటవి. వాటిలో దాగినదేదో పరారుణంతో పట్టుకొందామని పోయేవాడు వట్టిచేతులతో తిరిగి రావచ్చును. అది వైఫల్యమని నేను అనను. దిద్దుబాటు లేకుండ, ముసాయిదా లేకుండ, చేయి నేరుగా పటంమీద నడిచినదని తెలిస్తే అది విమర్శకునికి ఎంతో విలువైన సాక్ష్యం. మరొక పని కూడ ఉన్నది. ఇటువంటి పటంలో ఏ గీత కర్బనపు సిరా, ఏది చవుక రంగుసిరా అన్నది పరారుణ చిత్రం వేరుచేసి చూపగలదు. మొదటిది నూరేండ్లు నిలుస్తుంది. రెండవది పదియేండ్ల ఎండకు వెలిసిపోవచ్చును. వెలిసిన తరువాత ఏమి ఉండెనో చెప్పడం కష్టం గనుక, పటం బాగుండగానే ఈ పరీక్ష చేసి పెట్టుకోవలెనని నా మనవి.

ఆధునిక చిత్రాలకు ప్రాచీన చిత్రాలకన్న ఎక్కువ ప్రమాదమున్నది. ఇది వినడానికి విడ్డూరంగా ఉండవచ్చును. పాతవారు గురువు దగ్గర నేర్చిన రెండు మూడు పద్ధతులకు కట్టుబడినారు. ఆధునికుడు కాన్వాసు దొరకకపోతే హార్డుబోర్డు తీసికొంటాడు, తైలవర్ణం కొనలేకపోతే తలుపులకు వేసే ఎనామెలు తెస్తాడు, దానిమీద అక్రిలికు, ఆపైన కలంతో గీతలు. చేతిలో డబ్బులేని విద్యార్థి పాత పటంమీదనే కొత్త పటం వేస్తాడు. ఒక పొర ఆరక ముందే మరొకటి. వీటికితోడు మన సముద్రపు ఉప్పుగాలి, ఐప్పసి వానలు, 2015 డిసెంబరునాటి వరదవంటి ఆపదలు. బోర్డు చెమ్మను పీల్చి ఉబ్బుతుంది, రంగు చిట్లుతుంది. అప్పుడు మనం ఏమి చేస్తాము? మరమ్మతుకు ఇస్తాము. ఎవరికిస్తామో చెప్పడం నాకే సిగ్గు. ఆ కథ ముందున్నది.

అంతకుముందు సముద్రాల అవతలి రెండు ఉదాహరణలు. వాషింగ్టనులోని ఫిలిప్స్ సంగ్రహాలయంలో పికాసో 1901లో వేసిన ‘నీలిగది’ అనే పటమున్నది. నీలపు గదిలో ఒక స్త్రీ స్నానం చేస్తున్నది. పైరంగు ఒక వైపు పోతుంటే, కుంచె గీతలు మరొక వైపు పోతున్నవని 1950లలోనే ఒక సంరక్షకుడు గుర్తించినాడు. 1990లలో తీసిన ఎక్స్‌రేలో ఏదో మసకగా తోచినది. 2008లో తీసిన పరారుణ చిత్రంలో, గడ్డంతో, మెడకు సీతాకోకచిలుకవంటి టై కట్టుకొని, చెంపకు చేయి ఆనించిన ఒక మగమనిషి స్పష్టంగా కనబడినాడు. 2014లో ఈ వార్త లోకమంతా ప్రాకినది. అతడెవరని అందరూ అడిగినారు. ‘నీలిగది’ని గూర్చి అడిగినవారు తగ్గిపోయినారు. ఆ స్త్రీ వంగిన వీపును, గదిలోని ఆ చల్లని దిగులును విడిచి, పికాసో వద్దనుకొని కప్పివేసిన మనిషి వ్రేళ్ళ ఉంగరాలను లెక్కపెడుతున్నాము. పేదరికంలో ఉన్న పందొమ్మిదేండ్ల కుర్రవాడు కాన్వాసు ఆదా చేసికొన్నాడన్నది ఇందులో తెలిసిన మానవ సత్యం. అది తెలియడం మంచిదే. దానిని మించి కప్పిన ముఖానికి పెద్దపీట వేయడం నాకు సమ్మతం కాదు.

రెండవది ఇంకా చిక్కైనది. 1953లో రాబర్టు రాషెన్‌బర్గు అనే యువ అమెరికను చిత్రకారుడు, అప్పటికే పేరుపొందిన విలెం ద కూనింగు వద్దకు వెళ్ళి, మీ బొమ్మ ఒకటి ఇవ్వండి, దానిని తుడిచివేస్తాను, ఆ తుడుపే నా కృతి అవుతుంది అన్నాడు. ద కూనింగు ఇష్టం లేకనే ఒప్పుకొని, తుడవడానికి బాగా కష్టమయ్యే బొమ్మనే ఏరి ఇచ్చినాడు. రాషెన్‌బర్గు ఎన్నో రబ్బరులు అరగదీసి, వారాలతరబడి తుడిచి, ఆ తెల్లకాగితాన్ని చట్రంలో పెట్టినాడు. అది నేడు శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నది. 2010లో ఆ మ్యూజియమువారు ఆ కాగితాన్ని పరారుణంలో చిత్రించి, మిగిలిన జాడలను యంత్రసహాయంతో ప్రస్ఫుటం చేసినారు. తుడిచిన బొమ్మలోని పలు ఆకృతులు మసకమసకగా లేచి వచ్చినవి.

ఇక్కడ కప్పినది కాలం కాదు, మరొకరి అజాగ్రత్త కాదు. కప్పడమే కృతి. దానిని విప్పి చూడడం న్యాయమా? సంరక్షకుడు చూడవలసినదే అంటాను. కాగితంలో ఎంత పెన్సిలు మిగిలినదో, ఎక్కడ నార తేలినదో తెలియకుండ దానిని కాపాడలేడు. వైద్యునికి రోగి ఒడలు చూపినట్లే అది. కాని ఆ రూపాన్ని ప్రస్ఫుటం చేసి లోకానికి చూపించిన తరువాత, ఆ తెల్లకాగితం ముందు నిలిచేవాడు ఇకమీద తెల్లకాగితాన్ని చూడడు. తాను ముందే చూచి వచ్చిన బొమ్మను అందులో వెదకుతాడు. ప్రేక్షకుని చేతినుండి ఆ శూన్యం లాగివేయబడినది. మ్యూజియమువారి పక్షాన చెప్పవలసిన మాట ఒకటున్నది: మూలాన్ని వారు తాకలేదు, జరిపిన పరీక్షను దాచలేదు. చరిత్రకారునికి ఆ చిత్రం అవసరమనడమూ నిజమే. అయినా అటువంటి చిత్రం అడిగినవారికి అందుబాటులో ఉండడం వేరు, కృతికి సరిజోడుగా ప్రచారంలో నిలవడం వేరు అని నాకు తోస్తున్నది.

ఇక మా ఇంటి కథ. మాంబళంలో ఉన్న మా పెద్దక్కగారి ఇంట ముందుగదిలో ఒక పటమున్నది. 1960ల మొదట్లో మా బావగారు ఒక విద్యార్థి ప్రదర్శనలో కొన్నది. హార్డుబోర్డు మీద తైలవర్ణం. ఇద్దరు స్త్రీలు దిగుడుబావి మెట్లమీద నిలిచి ఉన్నారు, ఒకతె వయసుమళ్ళినది. 1980లలో ఒక వానకాలం ఆ గోడ చెమర్చి రంగు పొక్కినది. బావగారు పోయిన మరుసటి సంవత్సరమది. అక్కకు తోడుగా ఉన్నవాడిని నేనే గనుక, ఆ పటాన్ని సినిమా బ్యానర్లు వ్రాసే ఒక చిత్రకారునికి నేనే తీసికొనిపోయి ఇచ్చినాను. అతడు మంచివాడు, పనిమంతుడు. వారంలో కొత్త పటంవలె చేసి తెచ్చినాడు. నీలంచీర మెరిసినది. ముసలామె ముఖం నున్నబడినది. అందరమూ సంతోషించినాము.

మొన్న వేసవిలో అక్క మనుమడు, భౌతికశాస్త్రం చదువుతున్నవాడు, అద్దం మార్చిన కెమేరా ఒకటి స్నేహితుని వద్ద తెచ్చి, ఇంటిలోని పటాలన్నింటినీ తీయసాగినాడు. హేలోజను దీపాలు రెండు ప్రక్కల పెట్టి, వేడి తగులుతుందని రెండేసి నిముషాలకు ఆర్పుతూ ఉండెను. ఈ పటాన్ని తీసి తెరమీద చూచి, “తాతయ్యా, ఒకసారి ఇటు రండి” అన్నాడు. నీలంచీర తెల్లబడి ఉన్నది. దాని క్రింద బొగ్గుతో గీసిన మడతలు ఎంత చురుకుగా ఉన్నవో! ముసలామె నున్నని బుగ్గల అడుగున, మసకగానే అయినా, లోతైన గీతలతో వేరొక ముఖం. కుడి అడుగు మూలలో కప్పబడిపోయిన రెండు తెలుగు అక్షరాలు, ‘61’ అనే అంకె. ఇవి కాక, ఇద్దరు స్త్రీల నడుమ, చీరకుచ్చెళ్ళు పట్టుకొని నిలిచిన ఒక చిన్నబిడ్డ. బొగ్గుతో గీసి, రంగు వేయక విడిచిన రూపమది.

అక్కను పిలిచి చూపినాము. ఆమెకు ఎనుబది దాటినవి. తెరను చాలసేపు చూచి, “ఒరే తమ్ముడూ, ఈ ముఖాన్ని నేను మరచేపోయినాను రా. మీ బావ ఈమెను మా అత్తగారిలాగున్నదని కొన్నారు” అన్నది.

నాకు నోట మాట రాలేదు. నలభై ఏండ్ల క్రిందట నేను చేయించిన పని ఏమిటో ఆ మాటతో తెలిసినది.

ఆ తరువాత ఒక సంరక్షకురాలిని అడిగినాము. పైరంగును తీయడం కుదురుతుందా అని. ఆమె మూలన ఒక చిన్న గింజంత చోట దూదిపుల్లతో పరీక్షించి చూచినది. పైన వేసినదీ తైలమే, అడుగున ఉన్నదీ తైలమే. రెండూ గట్టిపడి ఒకదానినొకటి అంటుకొన్నవి. పైదానిని కరిగించే ద్రావకం అడుగుదానిని కూడ తాకుతుంది. చీర దగ్గర కొంత సాధ్యమేమో గాని, ముఖం దగ్గర వద్దన్నది. పరారుణంలో కనబడినంత మాత్రాన ఆ ముఖం చెక్కుచెదరక ఉన్నదనుకోరాదట. పొక్కి రాలిన చోట్ల మిగిలినవి బొగ్గుగీతలే కావచ్చును. వాటిపై రంగు ఉన్నదో లేదో ఈ కెమేరా చెప్పలేదు. ఈ మాట నన్ను బాధించినా, ఆమె మీద నాకు గౌరవం పెరిగినది.

మొదట చెప్పిన ప్రశ్నకు నా సమాధానం ఈ పటం ముందే ఏర్పడినది. దాగినదానినంతా ఒకే తీరుగా చూడరాదు. దాచినదెవరు అని ముందు అడగవలెను. ముసలామె ముఖాన్ని కప్పినవాడు చిత్రకారుడు కాడు, నా తొందరపాటు. కనుక దానిని వెలికి తీయగలిగితే తీయవలెను, తీయలేకపోతే ఆ పరారుణ చిత్రాన్ని పటంతోపాటు నిలుపవలెను. బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డను వద్దనుకొన్నవాడు ఆ చిత్రకారుడే. ఇటాలియనులు ఇటువంటి మార్పును ‘పెంటిమెంటో’ అంటారు, అనగా పశ్చాత్తాపం. ఆ బిడ్డ ఉంటే అది తల్లీబిడ్డల బొమ్మ అయ్యేది, చూపరుల జాలిని అడిగేది. లేకపోవడంవల్ల ఆ ఇద్దరు స్త్రీల మధ్య ఏర్పడిన ఖాళీయే పటానికి ప్రాణమైనది. ఇన్నేండ్లూ ఆ ఖాళీని చూస్తూ, అది ఎందుకు అంత బరువుగా ఉన్నదో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసినది. తెలిసినంత మాత్రాన ఆ బిడ్డను పటంలోనికి తీసికొని రమ్మని ఎవరూ అడుగకూడదు. అక్క మనుమడు బిడ్డను రంగులలో పూరించి కంప్యూటరులో ఒక చిత్రం చేస్తానన్నప్పుడు నేను వద్దన్నాను. వాడు కొంచెం నొచ్చుకొన్నాడు.

ఆధునిక చిత్రాల విషయంలో మనకు ఒక భాగ్యమున్నది. వాన్ ఐక్‌ను అడగలేము గాని, మన చిత్రకారులలో కొందరు ఇంకా జీవించి ఉన్నారు. పోయినవారి సహాధ్యాయులు, శిష్యులు ఉన్నారు. ఏ అంగడిలో రంగు కొన్నారు, బోర్డుకు అడుగుపూత ఏమి వేసినారు, ఈ మూల ఎందుకు మార్చినారు అని వారిని అడిగి వ్రాసిపెట్టుకోవచ్చును. కెమేరా ఒక గీత ఉన్నదని చెబుతుంది. ఆ గీత ఎందుకు మారినదో గీసినవాడే చెప్పగలడు. మన కుటుంబాలలో పటం కొన్ననాటి చీటీని దాచినవారు ఎందరు? వెండిచెంబు తూకం, పొలం దస్తావేజు పదిలంగా ఉంటవి. పటం వెనుక అంటించిన ప్రదర్శన కాగితాన్ని మాత్రం దుమ్ము పట్టినదని చించి పారవేస్తాము. మా అక్క ఇంట జరిగినదీ అదే.

ప్రస్తుతానికి ఆ పటం యథాస్థానంలోనే ఉన్నది. తడిగోడకు తగలకుండ వెనుక రెండు చెక్కముక్కలు అమర్చినాము. పరారుణ చిత్రపు ప్రతిని ఒక కవరులో పెట్టి చట్రం వెనుక నిలిపినాము. దానితోపాటు ఒక కాగితం మీద, ఏ సంవత్సరం పొక్కినది, ఎవరు ఇచ్చినారు, ఏ భాగం దిద్దబడినది, కెమేరా ఏది, దీపాలు ఎంత దూరాన పెట్టినది అన్నీ మనుమడు వ్రాసినాడు. “ఎవరు ఇచ్చినారు” అన్నచోట నా పేరు వ్రాయడానికి వాడు సంకోచించితే, కలం తీసికొని నేనే వ్రాసినాను. ఆ రెండు అక్షరాలు ఎవరివో ఇంకా తెలియలేదు. 1961 ప్రాంతంలో చిత్రకళాశాలలో చదివిన తెలుగు విద్యార్థులను ఎరిగినవారు ఈ సంచిక చదువరులలో ఎవరైనా ఉంటే, మా అక్క ఇంటికి వచ్చి ఆ పటాన్ని ఒకసారి చూడవలసినదని కోరుతున్నాను.